వసంతం వచ్చినా ఇంట్లో వదలని చలి

బ్రిటన్‌లో మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇంటి లోపల వేసే చలి నడి శీతాకాలపు చలి లాంటిది కాదు. డిసెంబరులో చలి ఉంటుందని అందరికీ తెలుసు. హీటింగ్ వేస్తారు, మందపాటి బట్టలు వేసుకుంటారు, సాయంత్రం నాలుగింటికే కర్టెన్లు మూసేస్తారు. వసంతం వచ్చేసరికి పద్ధతి మారిపోతుంది. పార్కుల్లో డాఫడిల్స్ విరగబూస్తాయి, మధ్యాహ్నపు ఎండ ముఖానికి వెచ్చగా తగులుతుంది, కోట్లు అల్మరాలోకి వెళ్లిపోతాయి, బాయిలర్ ఆపేస్తారు. అదే ఇంట్లో సాయంత్రం సోఫాలో కూర్చున్న మనిషికి పాదాలు మంచుముద్దల్లా అవుతాయి. థర్మామీటర్ చూస్తే పదిహేడో పద్దెనిమిదో చూపిస్తుంటుంది. ఇంత చలి వేయడానికి సముద్రం, గోడ, ఒంటి అలవాటు, క్యాలెండర్ నాలుగూ కారణాలే. ఇల్లు రుతువు కంటే వెనక నడుస్తుంది, మనుషులు వేసుకునే లెక్కలు రుతువు కంటే ముందు నడుస్తాయి. చలి చొరబడేది ఆ మధ్యలోనే.

2013 మార్చి ఇందుకు మంచి ఉదాహరణ. ఆ నెలలో బ్రిటన్ సగటు ఉష్ణోగ్రత 2.2 డిగ్రీలు. 1962 తర్వాత అంత చల్లని మార్చి రాలేదు. విచిత్రం ఏమిటంటే అంతకు ముందు గడిచిన డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి మూడూ దానికంటే కాస్త వెచ్చనివే. అంటే వసంతపు తొలి నెల శీతాకాలం కంటే చల్లగా గడిచింది. మార్చి 31న ఈస్టర్ ఆదివారం వచ్చింది. ఆ తెల్లవారుజామున స్కాట్లండ్‌లోని బ్రేమార్‌లో ఉష్ణోగ్రత మైనస్ 12.5కు పడిపోయింది. వేసవి వేళల కోసం దేశమంతా గడియారాలను గంట ముందుకు తిప్పుకున్నది కూడా సరిగ్గా ఆ రోజే. ఎనిమిదేళ్ల తర్వాత 2021 ఏప్రిల్‌లోనూ ఇలాంటిదే జరిగింది. ఆ నెలలో రాత్రి ఉష్ణోగ్రతల సగటు 1922 తర్వాత ఏ ఏప్రిల్‌లోనూ లేనంత తక్కువగా నమోదైంది.

తెలుగునాట శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుంది. మార్చి మూడో వారంలో హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు క్షితిజం నుంచి సుమారు 73 డిగ్రీల ఎత్తున, దాదాపు నడినెత్తిన ఉంటాడు. అదే రోజు లండన్‌లో 39 డిగ్రీల ఎత్తు కూడా దాటడు. వెలుతురు పెరుగుతుంది గానీ ఆ ఏటవాలు ఎండ నేలను అంతగా వేడెక్కించలేదు. దానికి తోడు చుట్టూ సముద్రం. నీళ్లు నిదానంగా చల్లబడతాయి, నిదానంగానే వేడెక్కుతాయి. బ్రిటన్ చుట్టూ ఉన్న సముద్రం అన్నిటికంటే చల్లగా ఉండేది ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే. పడమటి గాలి వీచినంతకాలం అట్లాంటిక్ వెచ్చదనం కొంత దేశం మీదికి వస్తుంది. గాలి తూర్పుకు తిరిగిందంటే ఐరోపా ఖండపు చలి ఉత్తర సముద్రం మీదుగా నేరుగా వచ్చి తూర్పు తీరాన్ని తాకుతుంది. 2013లో వారాల తరబడి వీచింది ఆ తూర్పుగాలే. గ్రీన్లండ్ వైపు స్థిరపడిన అధిక పీడనం పడమటి గాలుల దారికి అడ్డు నిలిచింది. ఎడిన్‌బరా వైపు వసంతంలో మరో ఇబ్బంది ఉంది. లోపలి ఊళ్లలో ఎండ కాస్తుంటే సముద్రం మీది నుంచి వచ్చే పొగమంచు తీరంలోని వీధులను రోజంతా కప్పేస్తుంది.

వసంతంలో చలి మళ్లీ తిరగబెడుతుందని అక్కడి పల్లెజనానికి ఎప్పటి నుంచో తెలుసు. పొలాల గట్ల మీద బ్లాక్‌థార్న్ పొదలు తెల్లగా పూసినప్పుడు వచ్చే చలిని వాళ్లు బ్లాక్‌థార్న్ శీతాకాలం అంటారు. జర్మనీ, ఆస్ట్రియాల్లో మే 11 నుంచి 15 వరకు వచ్చే సెయింట్ల పండుగ రోజులను మంచు సెయింట్ల రోజులంటారు. అవి దాటేదాకా తోటల్లో లేత నారు నాటవద్దని పెద్దలు చెబుతారు.

బయటి చలి సంగతి ఇది. ఇంట్లో చలి వేయడానికి మరో లెక్క ఉంది.

ఊరికే కూర్చున్న మనిషి ఒళ్లు సుమారు 100 వాట్ల వేడిని పుట్టిస్తుంది. ఆ వేడి ఎప్పటికప్పుడు బయటికి పోతుండాలి. పోవలసిన దానికంటే వేగంగా పోతే చలి వేస్తుంది. పోయే దారులు కొన్నే. చర్మాన్ని ఒరుసుకుంటూ పోయే గాలి కొంత తీసుకుపోతుంది, ఊపిరితో, చర్మం మీది తడి ఆరడంతో మరికొంత పోతుంది. పెద్ద వాటా మాత్రం కంటికి కనబడని కిరణాలుగా ఒంటి నుంచి బయలుదేరి చుట్టూ ఉన్న గోడలకు, కిటికీలకు, నేలకు చేరుతుంది. చర్మం ఉష్ణోగ్రత సుమారు 33 డిగ్రీలు. ఎదురుగా ఉన్న గోడ 19 డిగ్రీల్లో ఉంటే అది తిరిగి పంపే వేడి ఎక్కువ, 14లో ఉంటే తక్కువ. కాబట్టి గదిలో గాలి ఎంత వెచ్చగా ఉందన్నది సగం కథే. నిశ్చలంగా ఉన్న గదిలో ఒంటికి తెలిసే ఉష్ణోగ్రత, గాలి ఉష్ణోగ్రతకూ చుట్టూ ఉన్న ఉపరితలాల ఉష్ణోగ్రతకూ దాదాపు నడిమధ్యన ఉంటుంది. గాలి 20, గోడలు 14 ఉన్న గది మనిషికి 17 డిగ్రీల గదిలాగే ఉంటుంది. ఇది తెలుగువాళ్లకు తిరగేసి అనుభవమే. మే నెల రాత్రి పదింటికి బయట గాలి చల్లబడినా, పగలంతా కాగిన శ్లాబు కింద పడుకుంటే నిద్ర పట్టదు. ఫ్యాను తిప్పేది వేడిగాలిని కాకపోయినా పైకప్పు సెగ ఒంటిని వదలదు. బ్రిటన్ వసంతంలో గోడలు చేసేది ఇదే పని, వేడికి బదులు చలితో.

కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్న మనిషిని తీసుకుంటే లెక్క ఇంకా బాగా తెలుస్తుంది. బయట 5 డిగ్రీలు, గదిలో గాలి 20 డిగ్రీలు అనుకుందాం. ఒంటి పొర అద్దమైతే దాని లోపలి ముఖం సుమారు 10 డిగ్రీల్లో ఉంటుంది. పాతకాలపు రెండు పొరల అద్దమైతే 14, 15 దాకా వస్తుంది. వెచ్చదనం నిలిపే పొర లేని పాత ఇటుక గోడ 16 దగ్గర ఉంటుంది, మంచి పొర వేసిన గోడ 19 దాటుతుంది. ఒంటి పొర అద్దం పక్కన కూర్చున్నవాళ్లకు ఎడమ భుజం చల్లగా, కుడి భుజం మామూలుగా ఉండడం ఇందుకే. అద్దాన్ని తాకిన గాలి చల్లబడి, బరువెక్కి, కిందికి జారుతుంది. అక్కడి నుంచి నేల వెంబడే పాకి కాళ్లను తాకుతుంది. కిటికీ బిగించి ఉన్నా ఎక్కడి నుంచో గాలి వస్తోందని జనం వెతికేది దీన్నే. రేడియేటర్లను కిటికీ కిందే బిగించే ఆనవాయితీ ఈ జారే గాలిని పైకి తోయడానికి పుట్టింది. బాయిలర్ ఆపేసిన రోజున ఆ అడ్డు కూడా ఉండదు.

ఒళ్లు చలికి స్పందించే తీరు కూడా పాదాలకే ముందు కష్టం తెస్తుంది. లోపలి అవయవాలను 37 డిగ్రీల దగ్గర కాపాడుకోవడానికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి. చేతివేళ్లకు, కాలివేళ్లకు వెచ్చని రక్తం తగ్గుతుంది. ఒంటి మీద రెండు స్వెటర్లున్నా వేళ్లు చల్లగా ఉండడానికి ఇదే కారణం. కదలకుండా కూర్చుని చదివే, కంప్యూటర్ ముందు పనిచేసే వాళ్లకు ఇది ఎక్కువ. వంటగదిలో నిలబడి పనిచేసేవాళ్ల ఒంట్లో పుట్టే వేడి అంతకు రెట్టింపు దాకా ఉంటుంది. ఒకే ఇంట్లో ఒకరు ఉక్కపోస్తోందని, మరొకరు వణుకు వస్తోందని అనడంలో ఇద్దరిదీ నిజమే. రక్తహీనత ఉన్నవాళ్లకు, థైరాయిడ్ తక్కువగా పనిచేసేవాళ్లకు మామూలు గదిలోనూ చలి వేస్తుంది. అందరూ బాగున్నా ఒకరికే ఎప్పుడూ చలి వేస్తుంటే స్వెటర్‌తో సరిపెట్టకుండా డాక్టరుకు చూపించుకోవడం మంచిది.

బ్రిటన్ ఇళ్ల సంగతికి వస్తే, ఇంగ్లండ్‌లో దాదాపు ఐదో వంతు ఇళ్లు 1919కి ముందు కట్టినవి. వరుసగా ఒకదానికొకటి ఆనుకుని ఉండే ఆ ఇళ్ల బయటి గోడలు తొమ్మిదంగుళాల మందపు నిండు ఇటుక కట్టుబడి. మధ్యలో ఖాళీ వదిలి రెండు వరసలుగా గోడ కట్టడం ఆ తర్వాతి కాలంలో వ్యాపించింది. ఆ ఖాళీలో వేడిని ఆపే పదార్థం నింపడం ఇంకా ఆలస్యంగా వచ్చింది. పాత ఇళ్లకు ప్రతి గదిలో బొగ్గు పొయ్యి, దానికో పొగగొట్టం ఉండేవి. పొయ్యిలు పోయినా పొగగొట్టాలు చాలాచోట్ల మిగిలాయి. వెచ్చని గాలి వాటిగుండా పైకి వెళ్లిపోతుంటే, దాని చోటును నింపడానికి నేల పలకల సందుల్లోంచి, తలుపు కింది నుంచి, ఉత్తరాలు వేసే రంధ్రం నుంచి చల్లని గాలి లోపలికి వస్తుంది. పలకల కింద ఉండేది మట్టినేల. మార్చిలో ఆ నేలకు ఇంకా ఫిబ్రవరి చలే ఉంటుంది. ఇటుక గోడ కొన్ని గంటలు వెనకబడితే నేల కొన్ని వారాలు వెనకబడుతుంది. అందుకే ఏప్రిల్‌లో మంచి ఎండకాసిన రోజున కూడా వీధిలోంచి లోపలికి అడుగుపెడితే ఇల్లు బయటికంటే చల్లగా ఉంటుంది. 10 డిగ్రీల గాలిలో నిలబడినా ఎండ ఒంటికి నేరుగా వేడినిస్తుంది. ఉత్తరం వైపు గదికి ఆ భాగ్యం లేదు.

థర్మోస్టాట్ కూడా వసంతంలో తప్పుదారి పట్టిస్తుంది. ఎండ పడే ముందుగదిలో అది బిగించి ఉంటే, మధ్యాహ్నం ఆ గది వేడెక్కగానే బాయిలర్‌ను ఆపేస్తుంది. వెనకవైపు పడకగది పొద్దుటి చలిలోనే ఉండిపోతుంది.

చలికి తోడు చెమ్మ. 20 డిగ్రీల గదిలో గాలి తేమ 60 శాతం ఉంటే, 12 డిగ్రీల్లో ఉన్న ఏ ఉపరితలం మీదైనా నీరు చేరుతుంది. ఉదయం కిటికీ అద్దం అడుగున కారే నీళ్లు, బీరువా వెనక మూలలో నల్లని చుక్కలుగా మొదలయ్యే బూజు ఆ లెక్క ప్రకారం వచ్చేవే. గది లోపల ఆరేసిన ఒక విడత బట్టలు గాలిలోకి దాదాపు రెండు లీటర్ల నీటిని వదులుతాయి. మూత లేకుండా మరిగే సాంబారు, ప్రెషర్ కుక్కర్ ఆవిరి దానికి కలుస్తాయి. తెలుగు విద్యార్థులు ఐదారుగురు కలిసి అద్దెకుండే ఇంట్లో ఇది రోజంతా సాగే వ్యవహారం. ఖర్చుకు భయపడి హీటింగ్ ఆపి, చలికి భయపడి కిటికీలు మూసేస్తే బూజుకు ఇంతకంటే అనుకూలమైన చోటు ఉండదు. 2020 డిసెంబరులో ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల పిల్లవాడు ప్రాణం కోల్పోయాడు. ఫ్లాట్‌లోని బూజు వల్ల వచ్చిన శ్వాసకోశ సమస్యే కారణమని 2022లో విచారణ తేల్చింది. ఆ తర్వాత వచ్చిన, ఆ బిడ్డ పేరుతో పిలిచే చట్టం ప్రకారం ఇంగ్లండ్‌లో సామాజిక గృహాల యజమానులు చెమ్మ, బూజు ఫిర్యాదులను నిర్ణీత గడువులో పరిష్కరించాలి. ఒక పసివాడి ప్రాణం పోతే గానీ అది రాలేదన్నది మరిచిపోకూడని విషయం.

చలి ఎంత వేస్తుందన్నది మనిషి ఏ వాతావరణం నుంచి వచ్చాడన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. ఒళ్లు, మనసు, బట్టలు, ఇల్లు వాడుకునే తీరు అన్నీ గడిచిన రోజుల వాతావరణానికి సర్దుకుంటాయని మైకేల్ హంఫ్రీస్, ఫెర్గస్ నికోల్ అనే బ్రిటిష్ పరిశోధకులు 1970ల నుంచి చూపిస్తూ వచ్చారు. వాళ్ల దారిలోనే మాధవి ఇంద్రగంటి 2008లో హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో నివసించేవాళ్లను అడిగి చూశారు. వాళ్లకు హాయిగా ఉన్న ఉష్ణోగ్రత దాదాపు 29 డిగ్రీలని, 26 నుంచి 32.5 వరకు ఇబ్బంది లేదని తేలింది. అప్పటి భారతీయ ప్రమాణాలు చెప్పిన 23-26 డిగ్రీల కంటే అది బాగా ఎక్కువ. ఆ ఊరి నుంచి జనవరిలో చదువుకు వచ్చిన విద్యార్థికి 18 డిగ్రీల గది అంటే అలవాటైన దానికంటే పదకొండు డిగ్రీలు తక్కువ. అది బలహీనత కాదు, నాజూకుతనం అంతకన్నా కాదు. ఒకటి రెండు శీతాకాలాలు గడిస్తే ఒళ్లు చాలావరకు సర్దుకుంటుంది. బ్రిటన్ జనం కూడా ఒకప్పుడు ఇంకా చల్లని ఇళ్లలోనే బతికారు. 1970 ప్రాంతంలో సెంట్రల్ హీటింగ్ ఉన్న ఇళ్లు మూడో వంతుకు మించి లేవు. వేడి చేసేది ఒక్క గది, పడకగదిలో వేడినీళ్ల సీసా.

ఇక క్యాలెండర్. ఇంగ్లండ్, వేల్స్‌లో తక్కువ ఆదాయంతో ప్రభుత్వ సాయం పొందే కొందరికి చలికాలపు చెల్లింపు ఒకటి ఉంది. వరసగా ఏడు రోజులు సగటు ఉష్ణోగ్రత సున్నా లేదా అంతకంటే తక్కువ ఉంటే 25 పౌండ్లు ఇస్తారు. అది వర్తించేది నవంబరు 1 నుంచి మార్చి 31 వరకే. ఏప్రిల్‌లో ఎంత చలి పడినా ఆ పథకం పరిధిలోకి రాదు. ఇతర దేశాల్లోనూ తేదీల పాలన ఉంది. బీజింగ్‌లో నగరమంతటి హీటింగ్ మామూలుగా నవంబరు 15న మొదలై మార్చి 15న ఆగుతుంది. ఆగిన మర్నాడే చలిగాలి తిరిగి వస్తే చేసేదేమీ లేదు. న్యూయార్క్ కాస్త నయం, అక్కడ అద్దె ఇళ్లకు వేడి ఇవ్వాల్సిన కాలం అక్టోబరు 1 నుంచి మే 31 వరకు. మాస్కో పద్ధతి అన్నిటికంటే తెలివైనది. వరసగా ఐదు రోజులు సగటు 8 డిగ్రీలకు పైన ఉంటేనే హీటింగ్ ఆపుతారు. తేదీని కాక ఆకాశాన్ని చూసి నిర్ణయించడం అంటే అదీ.

బ్రిటన్‌లో చాలా ఇళ్లకు బాయిలర్ ఎప్పుడు ఆగాలన్నది చెప్పేది తేదీ కూడా కాదు, బిల్లు. మామూలు ఇంటికి ఏడాది గ్యాసు, కరెంటు ఖర్చు మీద ప్రభుత్వ నియంత్రణ సంస్థ పెట్టే పరిమితి 2022 ఏప్రిల్ 1న ఒక్కసారిగా 1,277 పౌండ్ల నుంచి 1,971 పౌండ్లకు, అంటే 54 శాతం పెరిగింది. ఆ వసంతంలో ఎంతోమంది బాయిలర్‌ను ముందే ఆపేసుకున్నారు. ముందుగా డబ్బు కట్టి వాడుకునే మీటర్లున్న ఇళ్లలో డబ్బు అయిపోతే వేడి కూడా అయిపోతుంది. ఇంటిని వెచ్చగా ఉంచుకోలేని ఈ స్థితిని ఇంధన పేదరికం అంటున్నారు. 1991లో బ్రెండా బోర్డ్‌మన్ ఆ పేరుతోనే రాసిన పుస్తకం దాన్ని విధానాల చర్చలోకి తెచ్చింది. ఆమె చెప్పిన ముఖ్యమైన మాట ఒకటుంది: ఆదాయం తక్కువన్నది ఒక్కటే సమస్య కాదు, వేడి నిలవని ఇల్లు కూడా సమస్యే. అందుకే చెల్లింపులతో ఇది తీరదు.

చలికి అలవాటు పడితే పోతుంది కదా అనుకోవడం ఆరోగ్యం విషయంలో ప్రమాదం. ఇల్లు 18 డిగ్రీలకు తగ్గకుండా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. వృద్ధులకు, పసిపిల్లలకు, జబ్బుతో ఉన్నవాళ్లకు ఇంకాస్త ఎక్కువే కావాలి. చలికి రక్తనాళాలు ముడుచుకుంటే రక్తపోటు పెరుగుతుంది, గుండెపోటు, పక్షవాతం ముప్పు దాని వెంటే వస్తుంది. వయసు మీదపడ్డవాళ్లకు చలి తగ్గట్టుగా తెలియదు, చల్లని గదిలో వణకకుండానే కూర్చుని ఉంటారు. 1997లో ఐరోపా దేశాలను పోల్చిన ఒక అధ్యయనం ఆలోచింపజేసే సంగతి బయటపెట్టింది. చలి ఒక్కో డిగ్రీ పెరిగినప్పుడు మరణాలు ఎక్కువగా పెరిగింది ఉత్తర ఫిన్లండ్‌లో కాదు, లండన్, ఏథెన్స్ లాంటి సాధారణ చలి ఊళ్లలో. ఫిన్లండ్ ఇళ్లు వెచ్చగా ఉంటాయి, జనం బయటికి వెళ్లేటప్పుడు నిండా కప్పుకుంటారు. తేలికపాటి చలి ఉన్నచోట ఇళ్లనూ అలా కట్టరు, మనుషులూ జాగ్రత్తపడరు. వసంతంలో జరిగేది ఇదే పొరపాటు.

చేతిలో ఉన్న పనుల్లో ముందుది గాలి సందులు మూయడం. తలుపు కింద గుడ్డతో కుట్టిన పొడవాటి దిండు, ఉత్తరాల రంధ్రానికి బ్రష్ అంచు, వాడని పొగగొట్టంలో గాలి నింపే సంచి, చెక్కనేల మీద మందపు తివాచీ. ఇవన్నీ తక్కువ ఖర్చుతో అయ్యేవి, అద్దెకున్నవాళ్లు కూడా చేసుకోగలిగేవి. దక్షిణం వైపు కిటికీల కర్టెన్లు పగలు తెరిచి ఉంచి, పొద్దు వాలకముందే మూయాలి. కర్టెన్ రేడియేటర్ మీద వేలాడితే వేడంతా కిటికీ పాలవుతుంది, కాబట్టి దాని అంచు కిటికీ గడప దగ్గరే ఆగాలి. కుర్చీని బయటి గోడకు దూరంగా, లోపలి గోడ వైపు జరపడం ఖర్చులేని మందు. గాలి ఉష్ణోగ్రత మారకపోయినా ఒంటికి తేడా తెలుస్తుంది. చెమ్మ కోసం కిటికీలను రోజుకు రెండుసార్లు కొద్ది నిమిషాలు బార్లా తెరవడం, రోజంతా సందు వదలడం కంటే మేలు. గాలి మారిపోతుంది, గోడలు చల్లబడవు.

ఒంటి మీద బట్టలను శాస్త్రవేత్తలు క్లో అనే ప్రమాణంతో కొలుస్తారు. 1941లో దాన్ని నిర్ణయించినప్పుడు, 21 డిగ్రీల గదిలో కూర్చున్న మనిషికి హాయిగా ఉండే సూటు బట్టలను ఒక క్లోగా తీసుకున్నారు. మందపాటి ఉన్ని స్వెటర్ దానికి సుమారు 0.3 చేరుస్తుంది, అంటే గది రెండు డిగ్రీలు వేడెక్కినంత. పల్చటి కాటన్ లుంగీ, బనియన్‌తో 18 డిగ్రీల గదిలో హాయిగా ఉండడం సాధ్యం కాదు. ఉన్ని మేజోళ్లు, అడుగు మందంగా ఉన్న చెప్పులు అందుకే మొదట కొనాల్సినవి. పడకకు 100 వాట్ల విద్యుత్ దుప్పటి చాలు, గదంతా వేడి చేసే ఫ్యాన్ హీటర్‌కు రెండు వేల వాట్లు కావాలి. కుంపటి గానీ, తెరిచిన గ్యాస్ పొయ్యి గానీ మూసిన గదిలో వెచ్చదనానికి వాడకూడదు. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

అసలు మరమ్మతు మాత్రం గోడకే చేయాలి. అటక మీద 27 సెంటీమీటర్ల మందాన పొర పరచడం బ్రిటన్‌లో ఇప్పుడు మామూలు సిఫారసు, ఖర్చుకు తగిన ఫలితం వెంటనే కనబడేది అందులోనే. నిండు ఇటుక గోడకు లోపలి వైపు గానీ బయటి వైపు గానీ పొర వేస్తే దాని లోపలి ముఖం మూడు డిగ్రీలకు పైగా వెచ్చబడుతుంది. ఖర్చు వేల పౌండ్లు, పైగా తడి లోపల చిక్కుకోకుండా పని తెలిసినవాళ్లు చేయాలి. అద్దెకున్నవాళ్ల చేతిలో లేని పని ఇది. ఇంగ్లండ్, వేల్స్‌లో 2018 ఏప్రిల్ నుంచి కొత్త అద్దె ఒప్పందాలకు, 2020 నుంచి నడుస్తున్న ఒప్పందాలకు కూడా, ఇంటి ఇంధన సామర్థ్యం కనీసం ‘E’ గ్రేడులో ఉండాలన్న నియమం వచ్చింది. ‘A’ నుంచి ‘G’ వరకు ఉండే ఆ వరసలో ‘E’ అయిదోది. పొర వేయని ఇటుక గోడలున్న ఇల్లు ఇప్పటికీ ఆ గ్రేడు తెచ్చుకోగలదు. కాబట్టి ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు ఇంధన సామర్థ్య సర్టిఫికెట్ మీది అక్షరంతో ఆగకుండా, గోడల గురించి అందులో ఏం రాశారో చదివి, చెయ్యి ఆనించి చూడాలి.